నలపాలి, నూరకూడదు: పుదీనా కాక్‌టెయిల్ లోపలి లెక్క

ఆకును చేతికి లొంగదీసుకునే పనికి తెలుగు వంటింట్లో మాటల కరువు లేదు. తుంచడం, నలపడం, చిదమడం, కచ్చాపచ్చాగా దంచడం, నూరడం, మెత్తగా రుబ్బడం. ఒక్కో మాటకు ఒక్కో పని, ఒక్కో రుచి. చారులోకి కరివేపాకు తుంచి వేస్తారు. పచ్చడికి పుదీనా నూరతారు. పనులు తారుమారైతే చారూ చెడుతుంది, పచ్చడీ చెడుతుంది. ఈ తేడా చేతికి తెలిసినవాళ్లకు వేసవి పుదీనా కాక్‌టెయిల్ సగం వచ్చేసినట్టే. ఇళ్లలోనూ, కొన్ని బార్లలోనూ ఈ కాక్‌టెయిల్, అంటే మొహీతో, చేదుగా, గడ్డి నమిలినట్టు తయారైతే తప్పు రమ్ము మీదకో నిమ్మకాయ మీదకో పోతుంది. అసలు జరిగింది నలపాల్సిన ఆకును నూరడం.

మొహీతో క్యూబా పానీయం. మన మెనూ కార్డుల్లో ‘మొజిటో’గా దిగింది గానీ స్పానిష్ పలుకుబడిలో అది మొహీతోనే. తెల్ల రమ్ము, నిమ్మరసం, చెరకు చక్కెర, పుదీనా, సోడా: సరుకులు ఐదే. 16వ శతాబ్దపు ఆంగ్ల నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్‌కు దీన్ని ముడిపెట్టే కథ ఒకటి తిరుగుతుంటుంది కానీ, గట్టిగా చెప్పుకోగలిగింది 20వ శతాబ్దపు చరిత్రే. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచింది. గొంతు తడుపుకోవడానికి అమెరికన్లు సముద్రం దాటి హవానా బార్లకు చేరారు. అక్కడి కాక్‌టెయిళ్లకు బయట పేరు రావడానికి ఈ రాకపోకలు బాగా పనికొచ్చాయి. హవానాలోని లా బొదెగీతా దెల్ మేదియో అనే చిన్న బారు ఇప్పటికీ మొహీతో పేరు మీదే యాత్రికులను లాక్కుంటోంది.

అంతర్జాతీయ బార్టెండర్ల సంఘం ఐబీఏ ఇచ్చే కొలత ఇది: 45 మి.లీ. తెల్ల రమ్ము, 20 మి.లీ. తాజా నిమ్మరసం, రెండు చిన్న చెంచాల చక్కెర, ఆరు పుదీనా కొమ్మలు, పైన సోడా. ఇందులోంచి రమ్మును, పుదీనాను తీసేసి చిటికెడు ఉప్పు వేస్తే సోడాబండి మీద దొరికే నిమ్మసోడా అవుతుంది. పులుపు, తీపి, బుడగలు అనే ఈ చట్రం తెలుగువాళ్లకు చిన్నప్పటినుంచీ తెలిసిందే. కొత్తగా నేర్చుకోవాల్సింది ఆకు సంగతి.

వాసన పైన, చేదు లోపల

పుదీనా ఆకును భూతద్దం కింద పెట్టి చూస్తే, ముఖ్యంగా అడుగువైపున, మెరిసే చుక్కల్లాంటివి కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. మొక్క తన సుగంధ తైలాన్ని వాటిలో దాచుకుంటుంది. తిత్తులు ఆకు పైపొర మీదే ఉంటాయి కనుక వేలితో తడిమినా కొన్ని పగిలి చేతికి వాసన అంటుతుంది. అంటే కావలసిన సరుకు గుమ్మంలోనే ఉంది, తలుపు బద్దలు కొట్టనక్కర్లేదు.

ఆకు లోపలి కణాల్లో ఉన్నది వేరే సరుకు. పత్రహరితం, వగరు పదార్థాలు, వాటిని గాలి సాయంతో నల్లబరిచే ఎంజైములు. గట్టిగా దంచితే కణాల గోడలు చిట్లి ఇవన్నీ ద్రవంలోకి దిగుతాయి. మొదట పచ్చగా, ఆకర్షణీయంగానే ఉంటుంది. కాసేపటికి నిమ్మ పులుపు పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తప్పించేస్తుంది, ఆకుపచ్చ కాస్తా చింతాకు ఉడికిన రంగుకు తిరుగుతుంది. రుచి గడ్డిలా, చివర్లో నాలుకను పట్టేసే వగరుతో ఉంటుంది. పుదీనా పచ్చడిలో ఇదంతా బయటపడదు. అక్కడ నూనెలో మగ్గిన ఆకు, చింతపండు, మిరపకాయ, ఉప్పు ఉంటాయి కాబట్టి వగరు వాటిలో కలిసిపోతుంది. నీళ్లలాంటి పలుచని పానీయంలో దాక్కోవడానికి చోటు లేదు.

కాబట్టి మిక్సీ ఇక్కడ పనికిరాదు. రోలు కూడా వద్దు. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పనికొచ్చేది పప్పుగుత్తి, అయితే తలకిందులుగా. గుత్తికి ఉండే గాట్లు ఆకును చీల్చేస్తాయి, పిడి చివర నున్నగా ఉంటుంది కనుక దాంతో అదిమితే సరిపోతుంది. చపాతీ కర్ర కొస కూడా అదే పని చేస్తుంది. ఇత్తడి, రాగి సామాను మాత్రం దగ్గరకు రానివ్వకూడదు. నిమ్మ పులుపుకు లోహం కరిగి రుచి మారడమే కాదు, ఒంటికీ మంచిది కాదు.

ఎంత అదమాలి అన్నదానికి కన్నే కొలత. పిడిని ఆకుల మీద ఆనించి, కొద్దిగా బరువు మోపి, సగం తిప్పు తిప్పి ఎత్తాలి. నాలుగైదుసార్లు చాలు. ఆకు అక్కడక్కడా ముదురు రంగుకు తిరగాలి, కానీ ఆకు ఆకుగానే మిగలాలి. గ్లాసులో పచ్చ తునకలు తేలుతున్నాయంటే చెయ్యి ఎక్కువైంది.

ఏ పుదీనా

కూరగాయల బజారులో కట్టలుగా దొరికే పుదీనా సాధారణంగా స్పియర్‌మింట్ జాతి. దాని వాసనకు మూలం కార్వోన్ అనే పదార్థం. (ఇదే కార్వోన్, అద్దంలో ప్రతిబింబంలా తిరగబడిన రూపంలో, సోయికూర గింజల్లో ఉంటుంది. పరమాణువులు అవే, అమరిక ఎదురుబొదురు, వాసనలు మాత్రం ఎక్కడా పొంతన లేనివి.) పెప్పర్‌మింట్‌లోనూ, ఉత్తరప్రదేశ్ పొలాల్లో మెంథాల్ కోసం పండించే మింటులోనూ మెంథాల్ ఎక్కువ. మెంథాల్ నోట్లో చలిని పసిగట్టే నరాల గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. నిజంగా చల్లబరచదు, చల్లబడినట్టు నమ్మిస్తుంది. మోతాదు మించితే కాక్‌టెయిల్ కాస్తా టూత్‌పేస్టు కలిపిన నీళ్లవుతుంది.

క్యూబాలో వాడేది ‘యెర్బా బ్వేనా’. స్పియర్‌మింటుకు చుట్టమే, వాసన ఇంకాస్త మెత్తన. నర్సరీల్లో ‘మింట్’ అని మాత్రమే రాసి అమ్మే మొక్క ఏ జాతిదో చెప్పడం కష్టం కనుక ఒక ఆకు నలిపి వాసన చూసి, కొస కొరికి చూడాలి. తియ్యటి పుదీనా వాసన వచ్చి గొంతు మామూలుగా ఉంటే గ్లాసుకు 8 నుంచి 10 ఆకులు వేయొచ్చు. గొంతులోకి చల్లగాలి దూరినట్టుంటే 3, 4 ఆకులతో ఆపాలి.

పుదీనాను కుండీలో పెంచడం తేలికే. బజారు కట్టలోంచి నాలుగు దృఢమైన కాడలు తీసి, కింది ఆకులు తుంచి, నీళ్ల గ్లాసులో నిలబెడితే వారం అటూ ఇటూగా వేళ్లు వస్తాయి. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న టబ్బు దీనికి నప్పుతుంది, ఎందుకంటే ఈ మొక్క కిందికి కంటే పక్కలకు పాకుతుంది. వేరే మొక్కతో కలిపి పెడితే ఆ రెండోది బతకదు. ఏప్రిల్, మే నెలల్లో మిద్దెమీద మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే ఆకులు చిన్నవై, అంచులు మాడి, ముదిరిపోతాయి. ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ ఉండాలి. పూత కనిపించిందంటే వాసన పలచబడే కాలం వచ్చినట్టే, కొసలు గిల్లేస్తూ ఉంటే పూత వెనక్కి పోయి పక్కకొమ్మలు వస్తాయి. ఆ గిల్లిన కొసలే గ్లాసుకు శ్రేష్ఠం. ఎండ ముదరకముందే, ఉదయాన్నే కోయాలి.

పురుగుకు వేపనూనె కొట్టే అలవాటుంటే ఒక మాట. ఆ వాసన ఆకును అంత తేలిగ్గా వదలదు. పచ్చడిలో తెలియకపోయినా గ్లాసులో తెలిసిపోతుంది. కాక్‌టెయిల్ కోసమని ఒక కుండీ విడిగా, మందు తగలకుండా ఉంచుకోవడం మేలు.

కోసిన పుదీనాను కాడలు నీళ్లలో మునిగేలా నిలబెట్టి ఉంచొచ్చు, లేదా తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచొచ్చు. తులసికి చుట్టమైన విదేశీ ఆకు బేసిల్‌కు ఇది పనికిరాదు. అది ఫ్రిజ్ చలికి ఒక్క రాత్రిలోనే నల్లబడుతుంది. దాన్ని గది వేడిమిలోనే నీళ్లలో నిలబెట్టాలి.

నిమ్మ, చక్కెర

నిమ్మ విషయంలో తెలుగునేల అదృష్టవంతురాలు. గూడూరు మార్కెట్ నుంచి దేశమంతా వెళ్లే పలుచని తోలు నిమ్మకాయ, కరీబియన్ దీవుల్లో వాడే చిన్న నిమ్మ ఒకే జాతివి. పాశ్చాత్య దేశాల సూపర్‌మార్కెట్లలో దొరికే పెద్ద, గింజలేని పచ్చ లైమ్ వేరు. దాని పులుపు కాస్త మెతక, వాసన కూడా తక్కువ. అందుకే అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి చేసేవాళ్లు 20 మి.లీ. రసానికి 15 మి.లీ. పాకం చాలనుకుంటే, ఇక్కడి కాయకు 18, 20 దాకా పట్టొచ్చు. రుచి చూసే సర్దుకోవాలి.

మామూలు సైజు కాయ నుంచి ఇంచుమించు 15 మి.లీ. రసం వస్తుంది. పసుపు తిరిగి, తోలు నున్నగా, చేతిలో బరువుగా ఉన్న కాయను ఎంచి, అరచేత్తో బల్లమీద దొర్లించి కోయాలి. ఒక్కసారి పిండితే చాలు. మరలో పెట్టి రెండోసారి గట్టిగా నొక్కితే తోలులోని నూనె, తెల్లపొర చేదు కూడా దిగుతాయి. గింజలు రసంలో నానితే చేదు పెరుగుతుంది కాబట్టి వెంటనే వడకట్టాలి. పిండిన రసం ఆ పూటకే. సీసాల్లో నిలవ ఉండే నిమ్మరసం పులుపునిస్తుంది గానీ వాసన ఉండదు, పుదీనా పక్కన ఉడికిన రుచితో నిలుస్తుంది.

ఇక్కడి బార్లలో బాగా పాతుకుపోయిన ఒక అలవాటును విడిగా చూడాలి. నిమ్మకాయ ముక్కలు, పుదీనా, చక్కెర అన్నీ ఒకేసారి గ్లాసులో వేసి కర్రతో కుమ్మడం. తోలుతో సహా నిమ్మముక్కలను దంచే పద్ధతి బ్రెజిల్ వాళ్ల కైపిరీన్యాది, అందులో పుదీనా ఉండదు. రెండింటినీ కలిపేస్తే వచ్చే చిక్కు బలానికి సంబంధించింది. నిమ్మతోలు లొంగాలంటే గట్టిగా దంచాలి, ఆ దెబ్బకు పుదీనా ముద్దవుతుంది. పుదీనాకు తగ్గట్టు మెల్లగా అదిమితే నిమ్మముక్క కదలదు. తోలు వాసన కూడా కావాలనుకుంటే దారి ఉంది: ముందు ఒక్క నిమ్మముక్కను చక్కెరతో దంచి, ఆ తర్వాతే పుదీనా వేసి మెల్లగా అదమాలి. వరస మార్చితే చాలు, వివాదం తీరిపోతుంది.

చక్కెర గింజలుగా వేస్తే చల్లటి నిమ్మరసం, రమ్ము కలిసిన చోట అది పూర్తిగా కరగదు. మొదటి గుక్కలు పుల్లగా, అడుగున పాకంగా మిగులుతుంది. పైగా ఇక్కడి పంచదార పలుకు పెద్దది, అదిమినప్పుడు ఉప్పుకాగితంలా ఆకును కోస్తుంది. దుకాణంలో దొరికే ఐసింగ్ షుగర్‌లో గంజిపొడి కలుస్తుంది కాబట్టి పానీయం మసకబారుతుంది. పాకమే మేలు. 100 గ్రాముల చక్కెర, 100 గ్రాముల నీళ్లు వేడిచేసి, కరగగానే దించాలి. తీగపాకం దాకా పోనక్కర్లేదు. చల్లార్చి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు ఉంటుంది. ఇందులో 15 మి.లీ. పోస్తే రెండు చిన్న చెంచాల చక్కెరకు కొంచెం పైన, సుమారు 9 గ్రాములు పడుతుంది. బెల్లం పాకం వాడితే రంగు, వాసన రెండూ పుదీనాను తొక్కేస్తాయి. ముదురు రమ్ముకు, అల్లానికి బెల్లం జోడీ, తెల్ల రమ్ముకు కాదు.

మంచు లెక్క

కాక్‌టెయిల్ పలచబడటాన్ని మంచు తక్కువ వేసి ఆపవచ్చని చాలామంది అనుకుంటారు. ఫలితం తిరగబడుతుంది. ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 80 కేలరీల వేడి కావాలి. రమ్ము 45, నిమ్మరసం 20, పాకం 15, సోడా 60, మొత్తం 140 మి.లీ. ద్రవం వేసవి గదిలో 32 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. అది సున్నా దాకా చల్లబడాలంటే ఇంచుమించు 4,500 కేలరీలు వదలాలి, అంటే 55 గ్రాముల మంచు కరగాలి. అవే సరుకులు ఫ్రిజ్‌లో 6 డిగ్రీల దగ్గర ఉన్నవైతే పదీ పదకొండు గ్రాములు కరిగితే చాలు. గ్లాసు వేడిమి, గదిలోని గాలి కలిస్తే రెండు లెక్కలూ కొంత పెరుగుతాయి, తేడా మాత్రం అంతే ఉంటుంది. నీళ్లగా తయారైన మొహీతోకు విరుగుడు మంచు తగ్గించడంలో లేదు. సోడాను, రమ్మును, గ్లాసును ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టడంలో ఉంది. మంచు గ్లాసు నిండా ఉండాలి. మంచు ఎక్కువుంటే ద్రవం త్వరగా చల్లబడి, ఆపైన మెల్లగా కరుగుతుంది.

చాలా బార్లు పొడిగా చితక్కొట్టిన మంచు వాడతాయి. చూడ్డానికి బాగుంటుంది, ఆకులను అడుగున పట్టి ఉంచుతుంది. కానీ హైదరాబాద్ మే నెల సాయంత్రం ఆరుబయట కూర్చుంటే అది పది నిమిషాల్లో నీళ్లే. ఇంట్లో పెద్ద ముక్కలు వేసి, పైన ఒక గుప్పెడు చితక్కొట్టిన మంచు వేయడం రెండింటికీ మధ్యేమార్గం.

సోడాకు చలి మరీ ముఖ్యం. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగే శక్తి సున్నా డిగ్రీల దగ్గర ఉన్నదానిలో సగం కూడా 25 డిగ్రీల దగ్గర ఉండదు. వేడి సోడా మూత తీయగానే బుసకొట్టి, గ్లాసులో పడేసరికి చప్పబడేది అందుకే. ఆకు తునకలు, కరగని చక్కెర గింజలు ఉన్నా బుడగలు వాటి చుట్టూ చేరి నురుగై పొంగిపోతాయి. ఆకును నూరినవాళ్లకు ఇలా రెండో శిక్ష కూడా పడుతుంది. గోలీసోడా వాడొచ్చా అంటే, ఉప్పు కలపని సాదాది, బాగా చల్లబరిచింది అయితే నిక్షేపంగా వాడొచ్చు. దాని గ్యాసు ఘాటు మొహీతోకు నప్పుతుంది.

గ్లాసులో

300 మి.లీ. పట్టే పొడవాటి గ్లాసు తీసుకోవాలి. కడిగి, నీళ్లు విదిలించిన 8 నుంచి 10 పుదీనా ఆకులు అడుగున వేసి, 15 మి.లీ. పాకం పోసి, పిడితో నాలుగైదుసార్లు అదమాలి. లేత కాడలు ఉన్నా ఫరవాలేదు, ముదురు కాడలు తీసేయాలి. 20 మి.లీ. నిమ్మరసం, 45 మి.లీ. రమ్ము పోసి ఒక నిమిషం ఆగాలి. ఈ నిమిషాన్ని ఎగరగొట్టేవాళ్లే ఎక్కువ. సుగంధ తైలం నీళ్లలో సరిగా కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. మంచు, సోడా పడకముందు, ద్రవం ఇంకా ఘాటుగా ఉన్నప్పుడే ఆకును రమ్ములో నాననిస్తే వాసన దానంతటదే దిగుతుంది, కర్రకు పని తగ్గుతుంది. తర్వాత గ్లాసు నిండా మంచు వేసి, పొడవాటి చెంచాతో అడుగునుంచి పైకి ఒకసారి ఎత్తి కలపాలి. 60 మి.లీ. చల్లటి సోడాను గ్లాసు అంచు వెంబడి వదిలి, చెంచాతో మరొక్కసారి ఎత్తాలి. గిరగిరా తిప్పితే గ్యాసు పోతుంది.

పైన పెట్టే కొమ్మ అలంకారం కోసమే అనుకుంటే పొరపాటు. రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ముక్కు చెప్పేదే. కొమ్మను ఒక అరచేతిలో ఉంచి రెండో చేత్తో చప్పట్లా ఒక్క దెబ్బ కొడితే పైనున్న తిత్తులు పగులుతాయి. దాన్ని స్ట్రా పక్కనే, తాగేటప్పుడు ముక్కుకు తగిలేంత దగ్గరగా గుచ్చాలి. పొడవాటి స్ట్రా పెట్టి కొమ్మను గ్లాసుకు అవతలి వైపు పెడితే తాగేవాళ్లకు అందేది తీపి, పులుపు మాత్రమే.

పదిమంది వస్తే గ్లాసు గ్లాసుకూ ఇదంతా చేయడం కుదరదు. అలాగని పుదీనాతో సహా జగ్గులో కలిపి ఫ్రిజ్‌లో పెడితే గంటకే ఆకులు వడలి నల్లబడతాయి. రమ్ము 450, నిమ్మరసం 200, పాకం 150 మి.లీ. మాత్రం కలిపి పొద్దున చేసి సాయంత్రానికి ఉంచొచ్చు. వడ్డించేటప్పుడు గ్లాసులో ఆకులను కొద్ది పాకంలోనో ఆ మిశ్రమంలోనో అదిమి, మొత్తం 80 మి.లీ. మిశ్రమం పోసి, మంచు, సోడా వేస్తే సరి. సోడాను జగ్గులో ముందే కలపడం దండగ.

నియమం తప్పే చోటు

ఆకును నూరకూడదన్న మాటకు ఎదురు నిలిచే కాక్‌టెయిల్ కూడా ఉంది, అదీ పేరున్నదే. 2008లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో, లె లియోన్ అనే బారులో యోర్గ్ మాయర్ అనే బార్టెండర్ జిన్ బేసిల్ స్మాష్ చేశాడు. ఒక పిడికెడు బేసిల్ ఆకులను నిమ్మతో కలిపి నిర్దాక్షిణ్యంగా దంచి, 60 మి.లీ. జిన్, 20 మి.లీ. అటూ ఇటూగా పాకం పోసి, మంచుతో గట్టిగా షేక్ చేసి వడకట్టడం. రంగు గరికపచ్చన. చేదు రాదా అంటే, ఆ అవకాశమే ఇవ్వరు. చిదిమిన ఆకు ద్రవంలో ఉండేది ఒక్క నిమిషం లోపే. షేకర్ వడపోత మీద మరో సన్నని టీ వడకట్టు పెట్టి తునకలన్నీ తీసేస్తారు. మంచు చలికి, నిమ్మ పులుపుకు ఎంజైముల జోరు తగ్గుతుంది. సోడా లేదు కనుక నురుగు గొడవ లేదు. మొహీతోలో ఆకు గ్లాసులోనే అరగంట ఉంటుంది కాబట్టి దాన్ని మెల్లగా పట్టుకోవాలి, స్మాష్‌లో ఆకు వచ్చిన పని చూసుకుని వెళ్లిపోతుంది కాబట్టి గట్టిగా దంచొచ్చు. పచ్చరంగు నిలిచేది కొద్దిసేపే, అందుకని చేసిన వెంటనే తాగేయాలి.

బేసిల్ అనగానే తులసికోట వైపు చూడటం సహజం. కానీ రెండూ ఒకటి కావు. పూజ తులసిలో లవంగానికి వాసననిచ్చే యూజెనాల్ ఎక్కువ. పిడికెడు దంచితే లవంగం నమిలినట్టు నాలుక తిమ్మిరెక్కుతుంది. పైగా పూజించే మొక్కను మద్యంలో వేయడానికి చాలా ఇళ్లలో ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. సబ్జా గింజలిచ్చే రుద్రజడ బేసిల్ జాతిదే. అయితే మొక్కమొక్కకూ వాసన మారుతుంది: కొన్ని సోంపులా, కొన్ని కర్పూరంలా. నమిలి నచ్చితేనే వాడాలి.

పెరట్లోని మిగతా ఆకుల్లో నిమ్మగడ్డిది వేరే దారి. దాని ఆకు పీచు, అదిమితే ఏమీ రాదు, చీల్చితే పెదవి కోసుకుంటుంది. అడుగున ఉండే తెల్లటి కాడ రెండింటిని కత్తి వెనకవైపుతో నలగ్గొట్టి, పైన చెప్పిన పాకంలో ఐదు నిమిషాలు సన్నసెగ మీద ఉంచి, చల్లారేదాకా మూత పెట్టి వడకడితే ఆ పాకం రమ్ముకూ జిన్‌కూ పనికొస్తుంది. వామాకు మందంగా, రసంతో ఉంటుంది. సగం ఆకుకు మించితే దగ్గుమందు గుర్తొస్తుంది. కరివేపాకు రెబ్బను చప్పట్లో కొట్టి జిన్ మీద వేస్తే బాగుంటుంది, దంచితే చేదు. మరువం, దవనం పూలబజారులో చవగ్గా దొరుకుతాయి గానీ దండల కోసం పండించినవాటికి తినే పంటకు పాటించే జాగ్రత్తలు ఉంటాయని నమ్మకూడదు. ఇంటి కుండీలోదైతేనే గ్లాసులోకి రావాలి.

రమ్ము లేకుండా

‘వర్జిన్ మొహీతో’ అని కేఫుల్లో అమ్మేదాంట్లో చాలావరకు రంగు, మెంథాల్ వాసన కలిపిన సీసా పాకం, సోడా. ఇంట్లో చేస్తే అంతకంటే చాలా బాగా వస్తుంది, కానీ రమ్మును తీసేసి మిగతాది యథాతథంగా ఉంచితే కుదరదు. ఆల్కహాలు మూడు పనులు చేస్తోంది: వాసనను కరిగించి పట్టి ఉంచుతోంది, గొంతులో కాస్త మంట పెడుతోంది, తీపిని విరుస్తోంది. అది పోగానే పానీయం షర్బత్ అయిపోతుంది. సర్దుబాటు ఇలా ఉండాలి. పాకం 10 మి.లీ.కి దించి, పుదీనా ఆకులు 12, 14కు పెంచి, ఒక చిన్న చెంచా అల్లంరసం, రెండు వేళ్లతో పట్టేంత ఉప్పు వేయాలి. పాలు లేని టీని కాస్త చిక్కగా కాచి చల్లార్చి 30 మి.లీ. కలిపితే దాని వగరు రమ్ము లేని లోటును కొంత పూడుస్తుంది. ఉప్పు చేదును అణచి నిమ్మ వాసనను ముందుకు తెస్తుంది. రమ్ము ఉన్న మొహీతోలో కూడా నాలుగు పలుకులు వేసి చూడటంలో తప్పులేదు, క్యూబా వాళ్లు ఏమనుకున్నా.

ఘాటు సంగతి కూడా లెక్కలో ఉండాలి. మన దేశంలో అమ్మే రమ్ము సాధారణంగా 42.8 శాతం. 45 మి.లీ.లో స్వచ్ఛమైన ఆల్కహాలు సుమారు 15 గ్రాములు. 5 శాతం ఘాటున్న 330 మి.లీ. పింట్ బీరులో ఉండేదానికంటే కాస్త ఎక్కువే. గ్లాసులో 10 నుంచి 13 శాతం దగ్గర ఉండే ఈ పానీయం నిమ్మకాయ నీళ్లలా గొంతు దిగుతుంది, దాహంతో ఉన్నవాళ్లు పది నిమిషాల్లో ముగిస్తారు. కొలత గ్లాసు లేకుండా సీసా వంచి పోస్తే 45 కాస్తా 70 అవడం మామూలే. చల్లగా అనిపించినా ఇది దాహం తీర్చేది కాదు. ఆల్కహాలు శరీరంలో నీటిని పట్టి ఉంచే హార్మోనును అణచి మూత్రాన్ని పెంచుతుంది. వడగాలి వీచే మధ్యాహ్నం, చెమట పట్టి వచ్చిన ఒంటికి ముందు ఇవ్వాల్సింది మజ్జిగో ఉప్పు వేసిన నిమ్మనీళ్లో. మొహీతో సంగతి పొద్దు వాలాక, తిండితోపాటు, గ్లాసుకో గ్లాసు మంచినీళ్లు పక్కన పెట్టుకుని చూసుకోవాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. బండి తాళాలు చేతిలో ఉన్నవాళ్లకు అల్లం, టీ వేసిన గ్లాసు. పుదీనా కొమ్మ రెండింటికీ ఒకటే కాబట్టి ఏ గ్లాసు ఎవరిదో తెలిసేలా స్ట్రాల రంగులు మార్చి పెట్టాలి.